నోరులేని జీవులను గూర్చిన పాఠము

మన పాఠశాల వార్షిక సంచికకు ఈ యేడు నేనును ఏదైన వ్రాయవలెనని సంపాదకవర్గమువారు కోరిరి. ముప్పది యేండ్లుగా క్రింది తరగతుల పిల్లలకు వేదపాఠమును ప్రకృతిపాఠమును చెప్పుచున్నవాడను గనుక, జంతువులను గూర్చి పరిశుద్ధ గ్రంథము చెప్పు సంగతులను పిల్లలకు ఎట్లు బోధింపవలెనో వ్రాయుమని వారి కోరిక. ఎట్లు బోధింపవలెనో చెప్పుటకంటె ఎట్లు బోధింపరాదో చెప్పుట నాకు సులభము. ఏలయనగా ఆ తప్పు చేసినవాడను నేనే. ఇన్నాళ్లు దానిని ఇంటివారితో తప్ప ఎవరితోను చెప్పలేదు. ఇప్పుడు వ్రాయుచున్నాను.

1994వ సంవత్సరము జూను మాసమున నేను ఉపాధ్యాయుడనైతిని. అది కాలువగట్టు ప్రక్కనున్న ఒక చిన్న యూరి మిషను బడి. నాలుగవ తరగతి గదిలో ఒక పాత పటము వ్రేలాడుచుండెను. నడుమ ఆదాము నిలువబడి యుండును. కుడి ప్రక్క సింహము, ఏనుగు, గుఱ్ఱము, ఎడమ ప్రక్క గొఱ్ఱె, ఆవు, ఒంటె, పైన పక్షులు, క్రింద నీటిలో చేపలు. ఎవరు వేసిరో గాని ఆ జంతువులన్నియు ఆదాము ముఖమువైపే చూచుచుండెను. ఆ పటమును చూపి ఆదికాండము మొదటి అధ్యాయమును బోధించితిని. సముద్రములోని చేపలమీదను, ఆకాశమందలి పక్షులమీదను, నేలమీది జీవులన్నిటిమీదను దేవుడు మనుష్యునికి అధికారమిచ్చిన సంగతి చెప్పి, ఏలుట యనగా నేమని పిల్లలనడిగితిని. ఒకడు లేచి, రాజువలె నుండుట యని చెప్పెను. నాకు మిక్కిలి సంతోషమాయెను. నల్లబల్లమీద ఒక నిచ్చెన గీసి, అడుగు మెట్టున రాయి, దానిపై చెట్టు, దానిపై జంతువు, అన్నిటికి పైన మనుష్యుడు అని వ్రాసితిని. మనుష్యుడు రాజు, జంతువులు బంటులు అని పిల్లలచేత పదిమారులు చెప్పించితిని. వల్లెవేయుటలో ఆ మొదట జవాబు చెప్పిన బాలుడే అందరికంటె ముందుండెను.

బడి వెనుక కాలువలో రజకుల రేవు కలదు. మధ్యాహ్నపు విరామమున పిల్లలు ఆ గట్టున ఆడుకొనుట వాడుక. పాఠము జరిగిన మూడు వారములకు, ఒక బుధవారమున, నేను భోజనము చేసి చేతులు కడుగుకొనుచుండగా ఒక వృద్ధ రజకుడు తన గాడిదను నడిపించుకొనుచు బడి ముంగిటికి వచ్చెను. నడిపించుకొనుచు నంటిని గాని అది మూడుకాళ్లమీద కుంటుచు వచ్చెను. ముందరి యెడమకాలి మోకాలివద్ద చర్మము చీలి, తెల్లని యెముక కనబడుచుండెను. రక్తము గిట్టవరకు కారి ఎండిపోయియుండెను. ఆ ముసలివాడు కేకలు వేయలేదు. ఆయన చెప్పిన మాటలు నాకు నేటికిని చెవిలో నున్నవి.

"అయ్యగారూ, కొట్టినోడి పేరు నాకు తెలుసు. చెప్పను. పిల్లోడు. కాని యీ కాలు చూడండి. పెళ్లోరి బట్టలు రేపు రేవుకి చేర్చాలి. నా యీపుమీద ఎన్ని మూటలు పడతాయి?"

విచారింపగా సంగతి తెలిసెను. పిల్లలు రాజును బంటులును ఆట ఆడిరి. ముందరికాళ్లకు బంధము వేసి మేతకు విడిచిన గాడిద కనబడెను. రాజైన బాలుడు దానిని మోకరింపుమని ఆజ్ఞాపించెను. అది గడ్డి మేయుచు నిలిచెను. అంతట రాళ్లు విసరిరి. బంధము వలన అది పరుగెత్తలేకపోయెను. ఆ రాజు ఎవడో చదువరులు ఊహింపగలరు. వాడు క్రూరుడు కాడు. తల్లి చీర కొంగు పట్టుకొని బడికి వచ్చు పదేండ్ల పిల్లవాడు. గదిలోనికి పిలిచి అడుగగా వాడు తొట్రుపడక నా ముఖము చూచి ఇట్లనెను:

"మోకరించమని మూడుసార్లు చెప్పినాను మాస్టారూ. అది వినలేదు. మనము రాజులమని మీరే చెప్పినారు గదా."

నా చేతిలో బెత్తముండెను. దానిని బల్లమీద పెట్టితిని. కొట్టవలసివచ్చినచో ఎవరిని కొట్టవలెనో నాకు స్పష్టముగా తెలిసెను.

ఆ రాత్రి దీపము ముందు పెట్టుకొని, జంతువుల మాట ఎక్కడెక్కడ వచ్చునో చూచుచు గ్రంథమును త్రిప్పితిని. అంతకుముందు చదువని భాగములు కావవి. చదివి దాటిపోయిన భాగములు. ఆ మొదటి అధ్యాయమునందే నేను చూడని సంగతులు కలవు. చేపలకును పక్షులకును ఫలించుడని దీవెన అయిదవ దినముననే దొరకెను, అనగా మనుష్యుడు పుట్టకమునుపే. ఆరవ దినము మనుష్యునికి మాత్రమే చెందినది కాదు. పశువులును ప్రాకు జంతువులును ఆ దినముననే కలిగెను. ఒకే దినమున పుట్టినవారికి నడుమ నేను నిచ్చెన వేసితిని. ఆ ఏలుబడి మాట వెంటనే మనుష్యునికి ఆహారముగా ఇచ్చినవి విత్తనములును పండ్లునే గాని మాంసము కాదు. రాజనగా ఇష్టము వచ్చినట్లు చేయువాడని ఆ యధ్యాయమున ఎక్కడను లేదు. ఆ యర్థము నాది.

పిమ్మట నిర్గమకాండము. విశ్రాంతిదినపు ఆజ్ఞలో పశువులు కూడ చేర్చబడియున్నవి. మఱియొక చోట, నిన్ను ద్వేషించువాని గాడిద బరువు క్రింద కూలియుండగా చూచినయెడల తప్పించుకొని పోరాదనియు, వానితో కలిసి దానిని విడిపింపవలెననియు ఆజ్ఞ. స్నేహితుని గాడిద యని కాదు, పగవాని గాడిద యని వ్రాయుటలో ఎంత లోకజ్ఞానమున్నదో! యజమానుని మీది కోపమును మనము పశువుమీద తీర్చుకొందుము గదా. ద్వితీయోపదేశకాండములో కళ్లము త్రొక్కు ఎద్దు మూతికి చిక్కము వేయరాదని కలదు. మా చిన్నతనమున మా యింట కళ్లములో ఎడ్లను త్రిప్పి వరి నూర్చునప్పుడు మా తాత వాటి మూతులకు చిక్కములు కట్టెడివాడు కాడు. గింజలు కొన్ని పోయినను పోనిమ్మనెడివాడు. ఆయన ఆ వాక్యము చదివి అట్లు చేసెనో, వ్యవసాయదారుని న్యాయబుద్ధితోనే చేసెనో నేనడుగలేదు. ఇప్పుడు యంత్రములు నూర్చుచున్నవి గనుక ఆ ప్రశ్నయే లేదు.

అన్నిటికంటె ఎక్కువ సేపు నిలిచినది సంఖ్యాకాండము 22వ అధ్యాయమునొద్ద. బిలాము గాడిద కథను అంతకుముందు పిల్లలకు వినోదముగా చెప్పియుంటిని. గాడిద మాటలాడుట విని వారు నవ్వెడివారు. ఆ రాత్రి నాకు నవ్వు రాలేదు. త్రోవలో దూత నిలిచియుండుట గాడిద చూచెను, ప్రవక్త చూడలేదు. అది ప్రక్కకు తొలగగా కొట్టెను. గోడకు అతని కాలు ఒత్తుకొనగా కొట్టెను. క్రింద కూలబడగా కొట్టెను. మూడుమారులు! తరువాత దూత బిలామును మొట్టమొదట అడిగిన ప్రశ్న అతని ప్రయాణమును గూర్చినది కాదు, ఆ మూడు దెబ్బలను గూర్చినది. పైగా, గాడిద తొలగియుండనియెడల అతనిని చంపి దానిని బ్రదుకనిచ్చియుందునని కూడ దూత చెప్పెను. రాజాజ్ఞ విననందున మా కాలువగట్టున దెబ్బలు తినిన గాడిదయు మూడుమారులు చెప్పించుకొనినదే. నేను గ్రంథము మూసి చాలసేపు కూర్చుంటిని.

మరునాడు ప్రొద్దున్నే ఆ బాలుని పిలిచి, గాడిద కాలు నయమగువరకు దాని మూటలు మనమిద్దరము మోయవలెనని చెప్పితిని. వాడు ఒప్పుకొనెను. పశువైద్యశాలలో గాయము కడిగి కుట్లు వేసిరి; పది దినములు బరువు వేయరాదనిరి. ఆ పది దినములు బడికి ముందొకసారి, బడి విడిచిన పిదప ఒకసారి, నేనొక పెద్ద మూటయు వాడొక చిన్న మూటయు నెత్తిన పెట్టుకొని రేవునకును ఇండ్లకును చేరవేసితిమి. మా వెనుక ముసలివాడు గాడిదను నెమ్మదిగా నడిపించుకొని వచ్చుచుండెను. మొదటి దినమున ఊరివారు నవ్విరి. మూడవ దినమునకు మానిరి.

బాలుని తండ్రి మాత్రము నవ్వలేదు, మానను లేదు. "చదువుకొనుటకు పంపితిమి గాని చాకిరేవు మూటలు మోయుటకు పంపలేదు మాస్టారూ" అని నడివీధిలో నన్ను నిలవేసెను. ఆ కోపములో బిడ్డమీది ప్రేమ కొంత, కులపు పట్టింపు కొంత కలదు. ఏది ఎంతయో నేను తూచలేను. నేనును మోయుచున్నాననుట తప్ప నాకు మఱియొక జవాబు దొరకలేదు. ఆయన పైవారికి అర్జీ పెట్టెను. వారు సంజాయిషీ అడిగిరి. జరిగినది జరిగినట్లు, నా పాఠముతో సహా, వ్రాసి యిచ్చితిని. ఆయన నాతో రెండేండ్లు మాటలాడలేదు. తప్పు నాదైనప్పుడు పిల్లవానిచేత మూట మోయించుట న్యాయమా యని నేను తరువాత అనేకమారులు ఆలోచించితిని. ఇప్పుడైనచో మొదటి దినము నేనొక్కడనే మోసి, వాడు తనంతట వచ్చునేమో చూచియుందును. గాడిద మరల బరువు మోసెను గాని, చచ్చువరకు కొంచెము కుంటుచునే యుండెను. అది రేవునకు పోవుచుండగా కిటికీలోనుండి దాని నడక నాకు ప్రతిదినము కనబడెడిది.

ఆ యేడే నల్లబల్లమీది నిచ్చెనను మానితిని. పటమును తీసివేయలేదు. అయితే పిల్లలు దానిని చూచునప్పుడు, ఈ జంతువులన్నియు ఆదామునే ఏల చూచుచున్నవి, వాటికి వేరే పనులు లేవా యని అడుగుట మొదలుపెట్టితిని. యోబు గ్రంథము చివర దేవుడు యోబునకు చూపిన జంతువులలో మనుష్యునికి పనికివచ్చునవి మిక్కిలి తక్కువ. కొండమేకలు ఎప్పుడు ఈనునో, కాకిపిల్లలకు తిండి ఎవరిచ్చుదురో, అడవిగాడిదను ఎవరు విడిచిపెట్టిరో, నరుడు లేని చోట వాన ఎందుకు కురియునో, ఇవి ఆ ప్రశ్నలు. పిల్లలకిది మొదట వింతగా నుండును. మా ఆవు పాలిచ్చుటకు, మా కోడి గ్రుడ్డు పెట్టుటకు అని వారు చెప్పుదురు. ఆ పిదప ఒకరు, మఱి తేలు ఎందుకు మాస్టారూ యని అడుగుదురు. అక్కడనుండి పాఠము బాగుగ సాగును.

రెండవ మార్పు, పాఠమును గది వెలుపలికి తెచ్చుట. సామెతల గ్రంథములో సోమరిని చీమలయొద్దకు పొమ్మని చెప్పబడినది. పొమ్మనినప్పుడు పోవలెను గదా! మేము గదిలో కూర్చుండి చీమను పొగడుచుంటిమి. ఒక దినమున పిల్లలను ఆటస్థలపు అంచునకు తీసికొనిపోయి, చీమల కన్నము చుట్టును కూర్చుండబెట్టితిని. కన్నము చుట్టును గడ్డిగింజల పొట్టు వలయముగా పడియుండెను. చీమలు గింజలను లోపలికి తెచ్చుచు, పొట్టును బయట వేయుచుండెను. ఐరోపా పండితులు కొందరు ఒకప్పుడు చీమలు ధాన్యము కూర్చుకొననే కూర్చుకొనవనియు, గ్రంథకర్త పొరబడెననియు తలచిరి. వారి చలిదేశపు చీమలు అట్లు చేయవు గనుక వారికి ఆ సందేహము కలిగెను. కర్నల్ సైక్స్ అను నతడు పూనాలో, చీమలు తడిసిన గింజలను బయటికి తెచ్చి యెండబెట్టుట చూచి వ్రాసెను. 1873లో మోగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు మధ్యధరా సముద్రతీరమున చీమల పుట్టలను త్రవ్వి వాటి గాదెలను కనుగొని గ్రంథము ప్రకటించెను. ఈ సంగతి చెప్పగా మా తరగతిలో నొక బాలిక, "వారు మా దొడ్డికి వచ్చియుండిన అంత శ్రమ తప్పియుండును" అనెను. ఆ మాటకు నేను పూర్తి మార్కులిచ్చితిని.

మన తెలుగు గ్రంథములో బండసందులలో నివసించు చిన్న కుందేళ్లని యున్నవి నిజముగా కుందేళ్లు కావు. పాలస్తీనా రాళ్లలో నుండు వేరొక జంతువు. శరీరశాస్త్రజ్ఞులు దానిని ఏనుగునకు చుట్టమందురు. మన దేశమున లేదు గనుక పేరు దొరకక అనువాదకులు అట్లు వ్రాసిరి. కీర్తనలలోని గూడబాతు మాత్రము మనకు పరాయిది కాదు. నెల్లూరు సీమలోని నేలపట్టునకు పిల్లలను తీసికొనిపోయినప్పుడు చెట్లమీద వేలకొలది గూడబాతులు కనబడెను. ఒంటరితనమునకు ఆ పక్షిని గుర్తుగా చెప్పిన కీర్తనకారుడు ఆ రొద వినియుండిన ఏమనియుండునో యని మా పిల్లలు చమత్కరించిరి. శ్రీకాకుళము సీమలోని తేలినీలాపురములోను, రాయలసీమలోని వీరాపురములోను గ్రామస్థులు ఇట్టి పక్షులను ప్రసవమునకు వచ్చిన ఆడుబిడ్డలవలె కాపాడుచు వచ్చిరి. మన వేదపాఠము వారెవరును విననివారు. ఈ సంగతి మన పిల్లలకు తప్పక చెప్పవలెనని నా యభిప్రాయము. దయ మన గోడలలోపలనే యున్నదని వారు తలంచకుందురు గాక.

పై తరగతులవారికి నేను రాబందును గూర్చి చెప్పుదును. లేవీయకాండము 11వ అధ్యాయములో తినరాని పక్షుల పట్టికలో నది యున్నది. అపవిత్రమని వ్రాయబడిన దానిని పిల్లలు పనికిమాలినదని తలంతురు, నేనును తలంచితిని. మా చిన్నతనమున ఊరి వెలుపల పశువు కళేబరము పడవేసినచో తెల్లవారునప్పటికి ఎముకలే మిగులుచుండెను. ఆకాశమున చుక్కలవలె కనబడి, దిగునప్పటికి మా యెత్తుండెడి ఆ పక్షులను చూచి మేము ముక్కు మూసికొని పరుగెత్తెడివారము. 1990 తరువాత అవి కనబడుట తగ్గెను. తెల్లవీపు రాబందులు దేశములో నూటికి తొంబదితొమ్మిదికంటె ఎక్కువ నశించెను. కారణము 2004లో తెలిసెను. పశువుల నొప్పి తగ్గించుటకు ఇచ్చుచుండిన డైక్లోఫెనాక్ అను మందు, ఆ పశువు చచ్చిన పిదప కళేబరమును తినిన రాబందు మూత్రపిండములను చెఱచి చంపుచుండెను. 2006లో మన ప్రభుత్వమువారు పశువులకు ఆ మందు వాడుటను నిషేధించిరి. రాబందులు పోయిన చోట్ల కళేబరములు కుళ్లెను, వీధికుక్కలు పెరిగెను.

ఈ కథలో దుర్మార్గుడెవడును లేడు. ఎద్దు నొప్పికి జాలిపడి మందిచ్చిన రైతున్నాడు, మంచి మనస్సుతో వ్రాసిన వైద్యుడున్నాడు. నా గాడిద కథకంటె ఇది నన్ను ఎక్కువ కలవరపరచును. కొట్టవద్దని నేర్పుట సులభము. ఆ పాఠము ఒక గంటలో ముగియును. ఒక జీవి దేనిని తినునో, దేనికి తిండియగునో, ఎప్పుడు వచ్చి ఎక్కడికి పోవునో తెలిసికొనకుండ దయ చూపుట ఎట్లో నాకు తెలియదు. ఆదికాండము రెండవ అధ్యాయములో ఆదాము మొదట చేసిన పని జంతువులకు పేర్లు పెట్టుట. పేరు పెట్టవలెనన్న ఒక్కొక్కదానిని నిలిపి చూడవలెను గదా. అందువలన మా తరగతిలో ప్రతి పిల్లవానికి ఒక పుస్తకము కలదు. బడికి వచ్చు త్రోవలో చూచిన జీవి పేరును, అది చేయుచుండిన పనిని అందులో వ్రాయవలెను. పేరు తెలియనిచో ఇంటి పెద్దలనడుగవలెను. ఈ పని వలన అవ్వలు తాతలు ఎంత ఉపయోగపడిరో తలిదండ్రులకు తెలియును. ఏదో యొక పిట్ట పేరు కొరకు అర్ధరాత్రి ఫోను చేయించిరని నాకు ఫిర్యాదులు కూడ వచ్చెను.

ప్రతి యేడు ఒక బిడ్డయైనను అడుగు ప్రశ్న యొకటి కలదు. జంతువులమీద దయ యుండవలెనన్నచో క్రిస్మసునాడు మన యింట కూర ఎందుకు? ఉపాధ్యాయులనేకులు ఈ ప్రశ్నను కసరి కూర్చుండబెట్టుట నేనెరుగుదును. నేనట్లు చేయను. జలప్రళయము పిమ్మట నోవహుకు మాంసము తినుటకు సెలవు దొరకినదనియు, అయితే అది మొదటి యేర్పాటు కాదనియు, ఆ సెలవుతోపాటు దేవుడు చేసిన నిబంధన మనుష్యులతోనే కాక ఓడలోనుండి వచ్చిన ప్రతి జీవితోను చేసినదనియు ఉన్నదున్నట్లు చెప్పుదును. మా యింటను వండుదుమనియు చెప్పుదును. ఒకప్పుడు నాతాను ప్రవక్త దావీదునకు చెప్పిన పేదవాని గొఱ్ఱెపిల్ల కథ చెప్పుచుండగా ఒక బాలిక వెక్కివెక్కి ఏడ్చెను. అంతకు ముందువారము ఆ పిల్ల పెంచిన మేకపిల్లను తండ్రి ఆమె బడి ఫీజు కొరకే అమ్మెనట. ఆమెకు నేనేమి చెప్పవలెను? ఏమియు చెప్పలేదు. మేకపిల్ల పేరేమని అడిగితిని. చెప్పెను. ఆ పేరును ఆమె పుస్తకములో వ్రాయుమంటిని.

పిచ్చుకల సంగతి చెప్పి ముగించెదను. మత్తయి సువార్తలో రెండు పిచ్చుకల వెల ఒక కాసు. లూకా సువార్తలో అయిదు పిచ్చుకల వెల రెండు కాసులు. లెక్క ప్రకారము రెండు కాసులకు నాలుగే రావలెను. అయిదవది కొసరు. సంతలో కూరగాయలు కొను మన తల్లులకు ఈ లెక్క విప్పి చెప్పనక్కరలేదు. వెల లేని ఆ కొసరు పిచ్చుకను కూడ దేవుడు మరువడని ప్రభువు చెప్పినట్లు పిల్లలకు వివరించితిని. ఇది జరిగినది రెండేండ్ల క్రిందట మార్చి నెలలో, ఒంటిపూట బడులు పెట్టిన వారమున. ఆ మరునాడే మా తరగతి పైకప్పున కరెంటు పంకా గొట్టమునకు పైనుండు గిన్నెలో పిచ్చుకలు గడ్డి పేర్చుట పిల్లలు చూచిరి. క్రిందటి యేడు అదే గదిలో ఒక పోతుపిచ్చుక పంకా రెక్క తగిలి చచ్చెను. నలువదిరెండు మంది పిల్లలు తమలో తాము మాటలాడుకొని, పంకా వేయవద్దని నాకు చెప్పిరి. నేను వారిని భయపెట్టితిని. గ్రుడ్లు పొదుగుటకు సుమారు 12 దినములు, పిల్లలు ఎగురుటకు మఱి 15 దినములు పట్టుననియు, ఎండలు ముదురుననియు చెప్పితిని. వారు మీట మీద కాగితము అంటించిరి.

ఆ దినములలో ఉక్కచేత మా చొక్కాలు వీపులకు అంటుకొనిపోయెను. ఇద్దరు తల్లులు వచ్చి, పిల్లలకు చెమటపొక్కులు లేచినవని నన్ను అడిగిరి. వారు చెప్పినది న్యాయమే. ప్రధానోపాధ్యాయులవారు చెట్టు క్రిందికి తరగతిని మార్చుకొనుడని సెలవిచ్చిరి. పదిగంటలవరకు వేపచెట్టు క్రిందను, ఆ పిదప నీడ తొలగగా గదిలోను కూర్చుండి పాఠములు చెప్పుకొంటిమి. నలుగురు పిల్లలు వంతులవారీగా అట్టలతో తక్కినవారికి విసరుచుండిరి. లెక్కల పాఠము కొంత వెనుకబడెనని ఒప్పుకొనుచున్నాను.

ఏప్రిలు మూడవ వారమున మూడు పిల్లలు ఎగిరిపోయినవి. నాలుగవది రెక్కలు రాకమునుపే బల్లలమీద పడి చచ్చెను. మేకపిల్లను పోగొట్టుకొనిన బాలికకు చెల్లెలైన యొక పిల్ల దానిని కాగితములో చుట్టి, మల్లెపాదులో పాతిపెట్టి వచ్చి, తన పుస్తకములో వ్రాసికొనెను. మీట మీది కాగితమును పిల్లలు మరునాడు తీసివేసిరి. సెలవులకు అప్పటికి రెండు దినములే మిగిలియుండెను.